దాని మానాన వదిలేస్తే

జూన్‌లో విజయనగరంలో ఒక పర్యావరణ దినోత్సవ సభకి వెళ్లాను. మాట్లాడినాయన బాగా చదువుకున్నవాడు, చెప్పే తీరు కూడా బాగుంది. మనిషి వేలు పెట్టనంతకాలం ప్రకృతికి ఏ లోటూ ఉండదని, మనం చేయాల్సిందల్లా దాని మానాన దాన్ని వదిలేయడమేనని ముగించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. లాక్‌డౌన్ రోజుల్లో ఖాళీ రోడ్ల మీద నెమళ్లు తిరుగుతున్న వీడియోలు చూసి మనందరం అనుకున్నదీ ఇంచుమించు ఇదే.

నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక ఊరు, సముద్రం పక్కన కొబ్బరి తోటలుండే ఉద్దానం ప్రాంతం. ఉద్యోగం విజయనగరంలో. దాని మానాన వదిలేసిన తోటలు ఎలా తయారవుతాయో ఊరెళ్లినప్పుడల్లా చూస్తున్నాను. వదిలేసిన చెరువులు అత్తవారి వైపు చూస్తున్నాను. వదిలేయడం కూడా మనిషి చేసే పనే, దానికీ ఫలితాలుంటాయి, ఆ ఫలితాలు అనుభవించేది మాత్రం వదిలేసినవాడు కాదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. చెప్పడం తేలిక, నిలబెట్టుకోవడం అంత తేలిక కాదని రాస్తుంటే తెలుస్తోంది.

ఇసుక మీద పెట్టిన తోట

ఉద్దానం చూసిన కొత్తవాళ్లు "అచ్చం కోనసీమలా ఉందే" అంటారు. కోనసీమకి గోదావరి ఒండ్రు ఉంది, కాలవలున్నాయి. మాకున్నది సముద్రం వేసిన ఇసుక. ఆ ఇసుకలో ఇంత పచ్చదనం దానంతటది మొలవలేదు. మొక్క పెట్టిన తర్వాత మొదటి రెండు మూడు వేసవులు గడవడమే గండం. తోటలో చిన్న నుయ్యి తవ్వి, కావిడితో కుండలు మోసి, పాదు పాదుకీ పోస్తే బతికిన చెట్లవి. గాలికి ఇసుక లేచిపోకుండా గట్ల మీద మొగలి పెంచారు. కొబ్బరి ఎదిగి నీడ పడ్డాక దాని కింద పనస, మామిడి, మునగ, అరటి, అనాస వచ్చాయి. చుట్టూ జీడిమామిడి.

ఈ జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పట్టుకొచ్చారు. అనాసది కూడా దక్షిణ అమెరికాయే. తీరం వెంబడి కనిపించే సరుగుడు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా వైపుది. ఇంత పచ్చటి చోట మనిషి చెయ్యి తగలని మొక్క ఏదో చూపించమంటే మా మేనమామ కాసేపు వెతికి ఉమ్మెత్తని చూపిస్తాడు. అది కూడా పూర్వం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరు చెప్పొచ్చారు?

మా వాళ్లు తోటని చేశారు, సరే. తోట మా వాళ్లని ఏం చేసిందన్నది నాకు ఇంకా ఆసక్తి. వరి పండించే ఊళ్లలో డబ్బు ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు కళ్లజూస్తారు. కొబ్బరి అలా కాదు, దింపు మీద దింపు వస్తూనే ఉంటుంది. చేతిలో ఎప్పుడూ కొంచెం ఉంటుంది, ఎప్పుడూ ఎక్కువ ఉండదు. అందుకే మా వైపు పెద్ద ఖర్చులన్నీ జీడిపిక్కలకీ పనసకాయలకీ ముడిపెట్టుకునేవారు. "పిక్కలమ్మాక ఇస్తాను" అంటే అప్పిచ్చినవాడు మారు మాట్లాడడు. మా ఇంట్లో ఆస్తి పంచుకున్నప్పుడు సెంట్ల కన్నా చెట్ల లెక్క మీదే ఎక్కువ గొడవ జరిగింది. మా అమ్మకి పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద రాసిచ్చింది భూమి కాదు, నూతి పక్కనున్న కొబ్బరి చెట్ల మీద కాయ.

వరి ఊళ్లవాళ్లు మమ్మల్ని బద్ధకస్తులంటారు. అందులో కొంత నిజముంది. చెట్టు ఎదిగాక కొబ్బరి తోటలో రోజూ చేయాల్సిన పని తక్కువ. ఆ ఖాళీ మావాళ్లకి కూర్చుని మాట్లాడుకోవడం నేర్పింది, పాటలు నేర్పింది, రాజకీయాలూ నేర్పింది. 1960ల చివర్లో శ్రీకాకుళ సాయుధ రైతాంగ ఉద్యమం ఉద్దానంలో అంత బలంగా నిలబడటానికి కారణాలు చాలా చెబుతారు. పగటిపూట కూడా పది గజాల అవతల మనిషి కనిపించని ఈ తోటల్ని కూడా ఆ లెక్కలో వేయాలి. ఇది నా ఊహే అనుకోండి, కానీ ఆ రోజులు చూసిన ముసలివాళ్లెవరూ నన్ను కాదనలేదు.

తిత్లీ తర్వాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దాని గురించి చాలా రాశారు, మళ్లీ రాయను. 2013లో ఫైలిన్ని తట్టుకున్న చెట్లు కూడా ఆ రాత్రి పడిపోయాయి. పరిహారం వచ్చింది. తక్కువని కొందరు, రాలేదని కొందరు, లేని చెట్లకి కూడా వచ్చిందని కొందరు. నేను మాట్లాడదలుచుకున్నది ఆ తర్వాతి సంగతి.

మా మేనమామ తోటకి ఆనుకుని ఇంకొకరి తోట ఉంది. ఆ ఇంటివాళ్లు పరిహారం తీసుకుని హైదరాబాదు వెళ్లిపోయారు. ఒక కొడుకు అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్, ఇంకొకడు సెంట్రింగ్ పని. వాళ్లని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కొబ్బరి మళ్లీ పెడితే నాటు రకం కాపుకి రావడానికి 6, 7 ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఏం తింటారు? పడిన చెట్లు పడినట్టే ఉండిపోయాయి, నిలబడినవి నిలబడినట్టే. సభలో ఆయన చెప్పినట్టు ఆ తోటని ఎవరూ ముట్టుకోలేదు.

మొదట వచ్చింది కొమ్ము పురుగు. కుళ్లుతున్న కొబ్బరి మొదళ్లలో, ఎరువు కుప్పల్లో అది గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు ఆ కుళ్లు తిని పెరుగుతుంది. పెద్దదై రెక్కలొచ్చాక దానికి బతికున్న చెట్టు మొవ్వు, అంటే నడినెత్తిన ఉండే లేత చిగురు, కావాలి. వదిలేసిన తోటలో మొవ్వులు ఎక్కడున్నాయి? పక్క తోటలో ఉన్నాయి. మావయ్య కొత్తగా పెట్టిన మొక్కల మొవ్వులు తొలిచేసింది. విచ్చుకున్న కమ్మలు కత్తెరతో కత్తిరించినట్టు వచ్చాయి. ఆయన పొద్దున్నే ఇనుప కొక్కెం పట్టుకుని, మొవ్వుల్లోంచి ఒక్కొక్క పురుగునీ గుచ్చి లాగేవాడు. తన తోటలో ఎంత లాగినా లాభం లేదు, పుట్టిల్లు అవతలుంది. "దొంగని పట్టుకోడానికి గోడ దూకాలి, దూకితే నన్నే దొంగంటారు" అని నవ్వాడు. తర్వాత తెల్లదోమ వచ్చింది, ఆకుల మీద మసి పట్టింది. అది అందరికీ వచ్చింది, ఆ పాపం పక్క తోటకి అంటగట్టలేం.

తర్వాత వయ్యారిభామ, ముళ్లకంప, అల్లుకుపోయిన తీగలు. వాటి చాటున అడవిపందులు. తర్వాత ఎలుగు.

ఎలుగుబంటి ఉద్దానానికి కొత్త కాదు. మందస కొండల వైపు నుంచి జీడిపళ్ల కాలంలో, పనస పండే కాలంలో తోటల్లోకి దిగడం మా తాతల నాటి నుంచి ఉంది. మనుషులు దాని వేళలు తెలుసుకుని నడిచేవారు. చీకటితో తోటకి ఒంటరిగా వెళ్లకపోవడం, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లడం, పండిన పనస చెట్టు మీద వదలకుండా దించేయడం. ఎలుగు కూడా మనుషుల వేళలు నేర్చుకుంది. ఇద్దరి మధ్యా రాతకోతలు లేని ఒప్పందం లాంటిది నడిచింది. అప్పుడూ అప్పుడప్పుడూ తప్పేది, మనుషులు గాయపడేవారు. కానీ తోటలో ఇప్పుడు మనిషి అలికిడి లేదు, రాలిన పండు ఏరే చెయ్యి లేదు. ఎలుగుకి వెనక్కి వెళ్లాల్సిన అవసరమేముంది? 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడి చేస్తే ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు.

జంతుశాస్త్రం చదివిన ఒక స్నేహితుడితో ఈ కథంతా చెబితే, "తొందరపడుతున్నావు. యాభై ఏళ్లు ఆగు, అదే అడవవుతుంది" అన్నాడు. కావచ్చు. కొండల నుంచి గింజ రావాలి, గింజ తెచ్చే పిట్ట రావాలి, ముళ్లకంప ఒకరోజుకి తన నీడలోనే పెద్ద చెట్టుని పెరగనివ్వాలి. ఇవన్నీ జరగవని నేను అనను. ఆ యాభై ఏళ్లూ మా మావయ్య లాంటివాడు కొక్కెం పట్టుకుని పక్కనే బతకాలి కదా. అడవి వస్తున్నప్పుడు దాని అంచున ఎవరున్నారో కూడా లెక్కలోకి రావాలి. నా స్నేహితుడు విశాఖలో ఉంటాడు. నేనూ విజయనగరంలోనే ఉంటాను లెండి.

గోగు పోయాక చెరువు

నా అత్తవారిది గజపతినగరం దగ్గర పల్లె. నేను పెళ్లయి వెళ్లిన కొత్తలో ఆ ఊరికి రెండు ఫర్లాంగుల ముందే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. చెరువులో గోగు కట్టలు నానుతుండేవి. రెండు మూడు వారాలు నానబెట్టి, మొలలోతు నీళ్లలో నిలబడి నార ఒలిచేవారు. ఆ నార నెల్లిమర్ల, విజయనగరం, బొబ్బిలి జూట్ మిల్లులకి పోయేది. గోగు కోసమైనా చెరువులో నీళ్లుండాలి, అందుకని ఊరు చెరువుని కనిపెట్టుకుని ఉండేది. వేసవిలో ఎండిన చెరువులోంచి నల్ల మట్టి బళ్ల మీద పొలాలకి తోలుకునేవారు. పొలానికి ఎరువు, చెరువుకి పూడికతీత. గెడ్డ (వాగు) నుంచి వచ్చే కాలవని ఏటా తలో చెయ్యీ వేసి బాగుచేసుకునేవారు.

ఈ బొమ్మని మరీ అందంగా గీయడం నాకిష్టం లేదు. గోగు నానినప్పుడు ఆ నీళ్లలో చేపలు పైకి తేలేవి. ఆ నీళ్లలో నిలబడ్డ ఆడవాళ్ల కాళ్లకి పుళ్లు పడేవి. తలో చెయ్యీ వేయడమంటే అందరి చేతులూ కాదు, ఏ వీధివాళ్లు మట్టి ఎత్తాలో, ఎవరు గట్టు మీద నిలబడి చెప్పాలో కులమే తేల్చేది. ఇప్పుడా కంపు లేదని మా అత్తగారు సంతోషిస్తారు. ఆవిడ సంతోషానికి అడ్డు చెప్పను.

ప్లాస్టిక్ సంచులొచ్చాక మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, కొన్ని తెరుస్తూ మూస్తూ ఈడ్చాయి. గోగు పోయి మొక్కజొన్న వచ్చింది. మొక్కజొన్నకి బోరు వచ్చింది. బోరున్నవాడికి చెరువుతో పనేముంది? ఎవరూ చెరువుకి చెడు చేయలేదు, దాన్ని మర్చిపోయారంతే. ఇప్పుడు గుర్రపుడెక్క ఒడ్డు నుంచి ఒడ్డుకి పరుచుకుంది. దూరం నుంచి చూస్తే మహా పచ్చగా ఉంటుంది, ఫొటోలు తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. వచ్చే కాలవలో ఇళ్లు లేచాయి. వాన గట్టిగా కొట్టిన ఏడాది నీళ్లు చెరువులోకి పోలేక వీధిలోకి వచ్చాయి. చెరువు నిండా నీళ్లున్న కాలంలో పక్కనున్న నూతులకి ఊట ఉండేదని, ఇప్పుడు బోర్లు ఏటేటా లోతుకి వెళ్తున్నాయని మా బావమరిది లెక్క చెబుతాడు. అతనే ఊళ్లో రెండో బోరు వేసినవాడు.

ఊరి మీద వాలిన కొంగలు

పక్షులు గూళ్లు కట్టే ఊరు తేలినీలాపురం గురించి శ్రీకాకుళం వాళ్లకి నేను చెప్పేదేమీ లేదు. ఒక్క విషయం మాత్రం. ఆ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల మీద, పేపర్లలో చదివి అందరం నమ్మాం. ఆ రెండూ దక్షిణాసియా వైపు జాతులే. ఇక్కడివే ఇక్కడ తిరుగుతాయి. దూరం నుంచి వచ్చాయంటేనే మనకి గౌరవం కాబోలు.

అవి గూళ్లు కట్టేది అడవిలో కాదు, ఊళ్లో. జనం మధ్య చింతచెట్ల మీద, రెట్టలు ఇంటి పెంకుల మీద పడేంత దగ్గర. మేతకి నౌపడ చిత్తడి నేలల వైపు వెళ్తాయి. పక్కనే ఉప్పు మడులు, వాటిలో తరతరాలుగా మనుషుల పని. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగొట్టు కొంగలు వానలతో వస్తాయి. వరి మళ్లలో నత్తలుంటాయి కాబట్టి వస్తాయి. మడి లేకపోతే నత్త లేదు, నత్త లేకపోతే కొంగ లేదు. అక్కడివాళ్లు వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూస్తామంటారు. ఆ మాట నిజమే, కానీ ఊరికే పుట్టిన ప్రేమ కాదది. కొంగలు దిగితే పంట బాగుంటుందని నమ్మకం, చెట్ల కింద మట్టి బలమని అనుభవం. మనిషి పొద్దస్తమానం తిరిగే చోట పిల్లని పెడితే గద్దా కాకీ కొంచెం ఆలోచిస్తాయని కొంగ కూడా లెక్క వేసుకుందేమో. తిత్లీకి ఆ చెట్లు కూలి పక్షులు చచ్చిపడినప్పుడు ఊరు ఏడ్చిందంటే నమ్ముతాను.

పార్వతీపురం వైపు ఏనుగుల సంగతి ఇక్కడ ఎత్తను. అది తెమిలేది కాదు.

మా బావ వేసిన ప్రశ్న

ఇదంతా ఒక పెళ్లిలో మా పెద్దమ్మ కొడుకుతో, అంటే మాకు వరసకి అన్నతో వాదిస్తుంటే, పక్కనే ఉన్న అతని బావ, నాకూ బావే, అందుకున్నాడు. ఆయనకి సంతబొమ్మాళి వైపు లీజుకి తీసుకున్న రొయ్యల చెరువులున్నాయి. "నువ్వు చెప్పినదాని ప్రకారం మనిషి చెయ్యి పడితేనే నేల బాగుంటుంది. నాను చెయ్యే కాదు, కాలు కూడా పెట్టీసినాను. మరి నా చెరువులకి దండెయ్యవేం?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఆయన ప్రశ్న సరైనదే. మొగలి గట్టు వేసినవాడూ మనిషే, రొయ్యల చెరువు తవ్వినవాడూ మనిషే. గోగు నానబెట్టి నీరు పాడుచేసినవాడూ, మట్టి తీసి చెరువు కాపాడినవాడూ ఒక్కడే. మనిషి చెయ్యి పడటమే గొప్ప అంటే థర్మల్ ప్లాంటుకి కూడా దండ వేయాల్సి వస్తుంది.

నాకు తోచిన జవాబు ఇది. చేసిన పని ఫలితాన్ని చేసినవాడు అక్కడే ఉండి అనుభవిస్తాడా లేదా అన్నది చూడాలి. మా బావ మంచివాడు, చెరువు కూడా శుభ్రంగానే చేస్తాడు. కానీ లీజు మూడేళ్లు. తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్య పోయినా, మట్టిలో ఉప్పు పేరుకున్నా ఆయన ఇంకో చోటికి వెళ్తాడు, వెళ్లాడు కూడా. పక్క వరి మడివాడు వెళ్లలేడు. ఉద్దానంలో మొగలి పెట్టినవాడు, తన మనవడు కూడా ఆ ఇసుకలోనే నడుస్తాడన్న లెక్కతో పెట్టాడు. పడిన మాను తీయకుండా హైదరాబాదు వెళ్లిన కుటుంబం, లీజు అయ్యాక వెళ్లిపోయే రొయ్యల రైతు నా లెక్కలో ఒకే గాటన పడతారు. ఒకరు చేసి పోయారు, ఒకరు మానేసి పోయారు.

సోంపేట బీల అనే చిత్తడి నేల దీనికి అవతలి వైపు. కాగితాల్లో అది పనికిరాని భూమి. చుట్టుపక్కల ఊళ్లకి అది చేప, గడ్డి, జమ్ము, పొలానికి తోడుకునే నీళ్లు. థర్మల్ ప్లాంటుకి ఇవ్వబోతే జనం అడ్డుపడ్డారు. 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ రద్దు చేసింది. బీలని కాపాడింది అక్కడికి రోజూ వెళ్లే కాళ్లు. ఎవరూ దిగని చిత్తడి అయితే, ఎంత అరుదైన పక్షులున్నా దాని కోసం తూటాకి ఎదురు నిలిచేవాళ్లు ఉండేవారా? నాకు అనుమానమే. ఏడు నెలల తర్వాత, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లిలో కూడా ఇదే జరిగింది. అక్కడ ముగింపు ఇంత స్పష్టంగా రాలేదు.

నీళ్లు

ఇక నా వాదన ఆగిపోయే చోటుకి వచ్చాను. ఉద్దానంలోనే ఉండి, ఆ నేల మీదే పనిచేసి, ఆ నీళ్లే తాగినవాళ్లకే కదా కిడ్నీలు పోయింది. వెళ్లిపోయినవాళ్లు బతికారు. మా వీధిలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే ఇళ్లున్నాయి. ఉద్దానం సంబంధమంటే పిల్లనివ్వడానికి బయటివాళ్లు వెనకాడతారు. మా చిన్నాన్న కూతురికి కుదిరిన సంబంధం, పెళ్లికొడుకు తల్లి "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా" అని అడిగిన తీరుకి మా వాళ్లే వద్దనుకున్నారు.

కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలు అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా గంటలకొద్దీ పనిచేయడం అన్నారు, నొప్పుల మాత్రలన్నారు. ఎన్నో పరిశోధనలు జరిగాయి. మా ముసలివాళ్లు మాత్రం నూతి నీళ్లు మాని బోరు నీళ్లకి అలవాటు పడ్డాకే ఇదంతా అంటారు. నా వాదనకి ఆ మాట బాగా అతుకుతుంది. చెరువు వదిలి బోరు పట్టిన కథే ఇక్కడా అని ముడిపెట్టేయొచ్చు. అందుకే దాన్ని వాడుకోవడం లేదు. అంత తేలిగ్గా అతికేదైతే ఈపాటికి ఎవరో ఒకరు నిరూపించి ఉండేవారు.

నాకు తెలిసింది ఇంతే. మనం నేలని మలిస్తే నేల మనల్ని మలుస్తుంది అని చెప్పుకుంటాం. ఆ మలచడం మనకి మేలు చేసేదిగానే ఉండాలని నేల ఎక్కడా మాటివ్వలేదు. కొబ్బరినీ పనసనీ మా మాటల్నీ పెంచిన ఇసుకలోనే, కిడ్నీ పాడైందని చెప్పే క్రియాటినిన్‌ని రక్తంలో పెంచేది కూడా ఏదో ఉండొచ్చు. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్లిచ్చే పథకం మొదలుపెట్టారు. పలాసలో కిడ్నీ ఆస్పత్రి వచ్చింది. సొంత నేల నీళ్లు మానేసి ఎక్కడో వంశధార నీళ్లు తాగడమంటే నేలతో బంధం తెంచుకోవడమే అనే సిద్ధాంతకారులు ఎవరైనా ఉంటే, వాళ్లు ముందు మా వీధికి రావాలి. ఈ ఒక్క విషయంలో పైపు రావడమే నాకు కావాలి, కుళాయి ప్రతి రోజూ ఆగకుండా రావడం కావాలి.

అయితే ఆ నీళ్లు తాగి అక్కడ ఉండేదెవరు అన్న ప్రశ్న మళ్లీ తోటకే తీసుకొస్తుంది.

పదకొండు నెలల కాగితం

కొబ్బరికి తిత్లీ పరిహారం చెట్టు లెక్కన ఇచ్చారు. మళ్లీ నాటినవాడికీ అంతే, తాళం వేసి వెళ్లినవాడికీ అంతే. పడినదానికి డబ్బిచ్చి, నిలబెట్టే పనికి ఇవ్వలేదు. అదే డబ్బులో కొంత ఆరేడేళ్లు తోట పనికి కూలీగా వచ్చి ఉంటే, మాను తీయడానికి, పాదు చేయడానికి, కొక్కెం పట్టడానికి వచ్చి ఉంటే, కొందరైనా ఆగేవారేమో. ఉపాధి హామీలో చిన్న రైతుల తోటలకి గుంతలు, మొక్కలు ఉన్నాయి, కొంతకాలం సంరక్షణ కూలీ కూడా ఉంది. కొబ్బరికి ఆ కొంతకాలం చాలదు.

ఈ మాటే మావయ్యతో అన్నాను. "కూలిస్తే మాత్రం ఆల పిల్లలు హైదరాబాదు ఒగ్గీసి వచ్చేస్తారేటి? రారు. ఆ తోటేదో నాకిస్తే నాను సేస్తాను. కాయితం మీద ఆలదే ఉండనీ" అన్నాడు.

నాకిది పరిహారం కన్నా మంచి ఆలోచన అనిపించింది. ఉన్నవాడి చేతికి, వెళ్లినవాడి తోట. కౌలు చట్టం ఉంది కదా అని చూశాను. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఒప్పందం 11 నెలలకి. భూమి యజమాని సంతకం చేస్తేనే కౌలు రైతుకి కార్డు. పదకొండు నెలల్లో వరి వేసి కోయొచ్చు, మొక్కజొన్న రెండు పంటలు తీయొచ్చు. ఏడేళ్లకి కాసే చెట్టు ఎవరు పెడతారు? మడి కోసం రాసిన చట్టమది, తోట సంగతి అందులో లేదు. ఉద్దానంలో కావాల్సింది పది పన్నెండేళ్ల ఒప్పందం. చెట్టు పెట్టినవాడికి అన్నేళ్ల కాయ, భూమి యజమానికి ఎవరూ తన పేరు చెరపలేరన్న భరోసా.

హైదరాబాదులో ఉన్న పెద్ద కొడుక్కి ఫోన్ చేశాను. మా ఇద్దరిదీ ఒకే బడి. అంతా విన్నాడు. మావయ్య మీద అనుమానం లేదన్నాడు. "కానీ రేపు ఊరి భూముల రికార్డులో, అడంగల్లో ఎక్కడైనా ఆయన పేరు పడితే? మా నాన్న పోయాక ఇంకా మా అన్నదమ్ముల పేర్లకే మారలేదు" అన్నాడు. ఆ భయం అర్థం లేనిదని నేను అనలేకపోయాను. మా ఊళ్లో అలా పేరు పడి కోర్టుల చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఉన్నారు. తమ్ముడిని అడిగి చెబుతానన్నాడు. మొదళ్లు తీయించుకోవడానికి మాత్రం ఇప్పుడే ఒప్పుకున్నాడు. జేసీబీ కిరాయి సగం తను పంపుతాడట, మిగతా సగం మావయ్య పెట్టాలి. వేళ్లతో సహా లాగేసి కాల్చేయాలని, ఊరికే పక్కకి దొర్లించి వదలొద్దని మావయ్య పట్టుబడుతున్నాడు. దానికి కిరాయి ఇంకో పూట పెరుగుతుంది.